సున్నపు గోడ కట్టబోయే పిల్లలకు

పిల్లలూ,

జమ్మలమడుగులో మీ బడి ఆవరణలోనే పాతకాలం పద్ధతిలో రాతిగోడ కట్టి చూడాలనుకున్నారని తెలిసి చాలా సంతోషించాను. గండికోటలో కూలిన గోడనే లేపొచ్చు కదా అని మీలో కొందరు అడిగారట. ఆ పని మాత్రం వద్దు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అనుమతి లేకుండా రాయి కూడా కదపకూడదు. తప్పు చేస్తే దిద్దుకునే వీలు మీ గోడకుంది, కోటకు లేదు. ఫ్రాన్సులో గెడెలాన్ అనే చోట 1997లో మొదలుపెట్టి, 13వ శతాబ్దపు పనిముట్లతో కోటను కొత్తగా కడుతున్నది కూడా పాతవాళ్ల పని చేసి తెలుసుకోవడానికే.

అన్నిటికన్నా ముందు సున్నం సంగతి. మంచి సున్నపురాయి 100 కిలోలు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. మిగతాది బొగ్గుపులుసు వాయువుగా (కార్బన్ డయాక్సైడ్‌గా) పోతుంది. ఈ పొడిసున్నాన్ని నీళ్లలో వేయాలి. సున్నం మీద నీళ్లు పోశారో, భగ్గున ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. ఒక బకెట్ సున్నానికి మూడు బకెట్ల నీళ్లు ముందే ఇనుప డ్రమ్ములో పోసుకోండి. ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి మెత్తబడుతుంది. సున్నం వేసే పని పెద్దవాళ్లకే వదిలేయండి, దగ్గరున్న అందరికీ కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి. కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా నీళ్లతో కడుగుతూ ఉండి, ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఉడికిన సున్నాన్ని జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా మూడు నెలలైనా ఊరనివ్వండి. ఊరని గడ్డలుంటే గోడలోకి వెళ్లాక ఉబ్బి, పొక్కులు లేచి ఊడిపోతాయి.

పెన్న ఇసుకను గాజుసీసాలో నీళ్లతో కలిపి, కుదిపి, కదపకుండా పెట్టండి. పైన తేరిన ఒండ్రు ఇసుకలో పదో వంతు దాటితే ఇసుకను కడగాల్సిందే. గోడ కట్టే ముద్దకు ఒక పాలు సున్నం, ఒక పాలు మెత్తటి ఇటుకపొడి, రెండు పాళ్లు ఇసుక. ఇటుక మరీ ఎర్రగా కాలి గట్టిపడింది కాకూడదు, దాని పొడి సున్నంతో సరిగా కలిసిపోదు. నీళ్లు తక్కువ పోసి ఎక్కువసేపు దంచండి. పల్చనైతే ఎండాక బీటలిస్తుంది.

కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపితే గట్టిపడుతుందని పెద్దలంటారు. ఊరికే నమ్మొద్దు, కొట్టిపారేయనూ వద్దు. ఒకే ఇసుక, ఒకే రాయి, ఒకే రోజున ఒక మూర గోడ ఆ నీళ్లతో, ఇంకో మూర మామూలు నీళ్లతో కట్టండి. కొలతలు ఏ రోజుకారోజు రాసిపెట్టండి, లేకపోతే గోడ ఉంటుంది కానీ ప్రయోగం ఉండదు.

సీమ ఎండే ఇక్కడ అసలు కష్టం. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో, ఆ పని జరగాలంటే లోపల తేమ ఉండాలి. త్వరగా ఎండితే వేలితో గీరినా పొడి రాలుతుంది. కాబట్టి వేసవిలో మొదలుపెట్టకండి, చలికాలం మేలు. రాళ్లను తడిపి పేర్చండి, పదిరోజులు తడి గోనెపట్టాలు కప్పండి. సిమెంటు మాత్రం పూయొద్దు. లోపలి తేమ సందుల్లోంచి బయటికి రాలేక రాళ్లలోంచి వస్తుంది, తనతో ఉప్పు తెచ్చి రాతి ముఖాన్ని పొరలు పొరలుగా ఊడగొడుతుంది.

గోడతో పాటు అదే ముద్దతో బొటనవేలి మందం బిళ్లలు కొన్ని చేసిపెట్టండి. నెలకొకటి విరిచి, బడి ప్రయోగశాలలోని ఫినాఫ్తలీన్ చుక్కలు వేయండి. గులాబీ రంగు వచ్చినంత మేర బొగ్గుపులుసు వాయువు ఇంకా అందని సున్నమే. రంగు రాని అంచు ఏ నెల ఎంత లోపలికి వెళ్లిందో స్కేలుతో కొలిచి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాత