బావిలో దొరికిన గుండు

వరంగల్ నుంచి హైదరాబాద్‌కు రైల్లో వెళ్తుంటే కిటికీలోంచి రాతి గుండ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో దొర్లిపడేట్టు. చిన్నప్పుడు అడిగితే మా తాత "భీముడు గోటీలాడి అట్లనే వదిలేసిండు" అనేవాడు.

గుండ్రటి రాయిని చూస్తే నీళ్లలో దొర్లి అరిగిందనుకుంటాం. గోదావరి ఒడ్డున గులకరాళ్ల సంగతి అదే. కానీ ఇల్లంత గుండును గుట్ట మీదికి ఏ వాగు ఎక్కిస్తుంది?

తాత బావి తవ్వించినప్పుడు జవాబు నా కళ్ల ముందే ఉంది, తెలుసుకునే వయసు కాదంతే. పైన మూరెడు ఎర్ర చెల్క. దాని కింద మొరం, తవ్వినకొద్దీ మొరం. ఇరవై అడుగుల దగ్గర గడ్డపార ఖంగుమంది. చుట్టూ మెత్తటి మొరం, మధ్యలో ఒక్క గుండు, గుట్ట మీద ఉన్నవాటిలాగే గుండ్రంగా! అక్కడ అది దొర్లిందెప్పుడు?

మా దిక్కు గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల, కిలోమీటర్ల లోతున కరిగిన రాయి నిదానంగా చల్లారి గట్టిపడింది. పైనున్న బరువు కోట్ల ఏళ్ల పాటు కొట్టుకుపోతుంటే, అణిగి ఉన్న రాయి కాస్త ఉబ్బి నిలువుగా, అడ్డంగా పగుళ్లిచ్చింది. గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాన నీటికి కొంచెం ఆమ్లగుణం వస్తుంది. ఆ నీరు పగుళ్లలోకి దిగి రాయిని కొరుక్కుతింటుంది. రాతి ముఖానికి ఒక్క వైపు నుంచే దెబ్బ, అంచుకు రెండు వైపుల నుంచి, మూలకు మూడు వైపుల నుంచి. అందుకే ముందు మూలలు పోతాయి. పానకంలో వేసిన బెల్లం గడ్డను కాసేపాగి చూడండి, అదే పని.

తినగా మిగిలిన పిప్పే మొరం. గుప్పెడు తీసుకుని చూస్తే మూడు రకాల పలుకులు కనిపిస్తాయి. గులాబీ రంగువి ఫెల్డ్‌స్పార్. బాగా మగ్గినదైతే గోటితో నొక్కితే పిండైపోతుంది, అది బంకమట్టి అయ్యే దారిలో ఉంది. తళుక్కుమనేది కాకిబంగారం, అంటే అభ్రకం. గాజులా ఉన్న పలుగురాయి మాత్రం దేనికీ లొంగదు. మన వాగుల్లో ఇసుక చాలావరకు అదే.

వానలు మొరాన్ని కడిగేస్తే గుండ్లు బయటపడి, ఉన్నచోటే ఒకదాని మీద ఒకటి కూలబడతాయి. పగుళ్లు తక్కువున్న చోట నీరు లోపలికి దిగలేదు కాబట్టి బండ మొత్తం అట్లాగే నిలుస్తుంది. వరంగల్ కోటలోని ఏకశిల అలాంటిదే, ఓరుగల్లు అన్న పేరే దాని నుంచి వచ్చిందంటారు. ఇలాంటి బండలు పైపైన ఉల్లిపొరల్లా లేస్తాయి. పొర విడిన చోట రాయితో కొడితే డొల్ల మోత వస్తుంది. రాయి కొట్టేవాళ్లు బండ మీద మంట పెట్టి పలక లేపేది ఈ గుణం చూసే.

అంటే గుట్ట పైకి లేవలేదు. చుట్టూ నేలే కిందికి దిగింది.

ఉత్తరానికి పోతే రాయి మారుతుంది, దాంతో గుట్ట ముఖమూ మారుతుంది. భూపాలపల్లి జిల్లాలో రేగొండ దగ్గర పాండవుల గుట్టలు ఇసుకరాయి. పొరల మీద పొరలు, నిలువు పగుళ్లు. పలకలు విరిగిపడి గోడల్లాంటి కొండచరియలు మిగిలాయి. వాటి కింది నీడల్లోనే పాతకాలం మనుషులు బొమ్మలు వేశారు. గోదావరి లోయ కథ ఇంకోటి. అక్కడ రెండు పక్కలా పగుళ్లు వచ్చి మధ్య నేల కుంగింది. ఆ గుంటను నదులు ఇసుకతో నింపుతూ పోయాయి, ఆ పొరల కింద పడ్డ అడవులే సింగరేణి బొగ్గు. ఇంకా పైకి, ఆదిలాబాద్ వైపు సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా పరుచుకుంది. అది మగ్గితే నల్ల రేగడి అయింది, అక్కడి పత్తికి ఆ నేలే ఆధారం.

తాత బావిలో గుండును పగలగొట్టలేక పక్క నుంచి తవ్వుకుపోయారు. బావిలో నీళ్లు తగ్గినప్పుడు దాని మీద నిలబడేవాళ్లం. దాని చుట్టూ ఇంకా ఇరవై అడుగుల నేల ఉంది. వాన తన పద్ధతిలో తాను తీసుకుంటూ పోతే, అది గుట్ట మీది గుండు కావడానికి కొన్ని లక్షల ఏళ్లు పడుతుంది.