రోజుకో మిల్లీమీటరు

"కాళ్ళ ఎముకలు సాగదీస్తారటగా! ఎముకేమన్నా రబ్బరా?" అని అకాండ్రోప్లేసియా (పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ పొట్టిగా ఉండే మరుగుజ్జుతనం) ఉన్న పిల్లాడి తల్లి ఒకావిడ అడిగారు. రబ్బరు కాదమ్మా, తీగపాకం.

ముందు ఒక మాట. ఇది గ్రహణం చూసినందుకు రాలేదు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులో ఒక్క అక్షరం మారి, ప్రోటీన్‌లో 380వ చోట గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం పోయి ఆర్జినీన్ అనే మరోటి కూర్చుంటుంది. ఎముక పెరుగుదలకు బ్రేకు వేసేది ఆ ప్రోటీనే. ఇక అది బ్రేకు మీంచి కాలు తీయదు. ఇలాంటి పిల్లల్లో నూటికి 80 మంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్ళే. కోడలిని ఆడిపోసుకునే అత్తగార్లు వినాలి: అలా కొత్తగా వచ్చే మార్పు దాదాపు ఎప్పుడూ తండ్రి వీర్యకణంలోనే పుడుతుంది.

ఇక పాకం. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టరు 1950లలో కాలి చుట్టూ లోహపు రింగులు పెట్టి, సన్నటి తీగలు ఎముకలోంచి దూర్చి బిగించాడు. ఎముక పైపెంకును మాత్రం కోస్తారు. ఎముకను కప్పి ఉండే పల్చటి పొరను, లోపలి రక్తనాళాలను వీలైనంత కాపాడతారు. అయిదారు రోజులు ఆగుతారు. విరిగిన చోట మెత్తటి అతుకు మొదలవుతుంది. అదే మన పాకం. అప్పుడు రింగులను కలిపే కడ్డీల మీది నట్టు పావు చుట్టు తిప్పితే పావు మిల్లీమీటరు ఎడం. రోజుకు నాలుగుసార్లు.

వేళ్ళ మధ్య పాకం లాగి చూసినవాళ్ళకు మిగతాది చెప్పక్కర్లేదు. తొందరపడితే తీగ తెగుతుంది, ఆలస్యమైతే ముదురుతుంది. ఇలిజరోవ్ కుక్కల మీద ఇదే చూశాడు: రోజుకు అర మిల్లీమీటరైతే ఎముక ముందే అతుక్కుపోయింది, రెండైతే కణజాలం దెబ్బతింది, ఒకటి సరిపోయింది. అదే ఒక్క మిల్లీమీటరును యంత్రంతో 60 చిన్న అడుగులుగా లాగితే ఇంకా బాగా వచ్చింది.

పోలిక ఇక్కడ చెడుతుంది: పాకం లాగేకొద్దీ సన్నబడుతుంది, ఎముక సన్నబడదు. లాగుడు తగిలిన కణాలు కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులను ఆ దిశలోనే పేర్చుకుంటూ, రెండు కొసల నుంచీ సున్నం నింపుకుంటూ వస్తాయి. అంటే లాగుతుంటే గిన్నెలో పాకం ఊరుతోందన్నమాట!

10 సెంటీమీటర్లంటే 100 రోజులు, 400 పావు చుట్లు. గట్టిపడటానికి మరికొన్ని నెలలు. ఈ పిల్లలకు కండరాలు, చర్మం కాస్త వదులుగా ఉంటాయి కాబట్టి మిగతావాళ్ళకన్నా ఎక్కువ సాగుతాయి. అయినా ఎముకలోంచి దూర్చిన తీగల దగ్గర చీము పట్టొచ్చు, నరం లాగొచ్చు, పిక్క బిగిసి మడమ నేలకు ఆనకపోవచ్చు. మెడ దగ్గరా వెన్నులోనూ నాడీమార్గం ఇరుకుగా ఉండే సమస్య కూడా వీళ్ళకు ఉండొచ్చు, దాన్ని ఈ ఆపరేషన్ తీర్చదు.

నాకైతే కాళ్ళకన్నా చేతుల సంగతే ముఖ్యమనిపిస్తుంది. భుజం నుంచి మోచేతి దాకా ఉన్న ఎముకనూ ఇలాగే పెంచుతారు. చెయ్యి వెనక్కి అందుతుంది. దొడ్డికి వెళ్ళాక తనంతట తనే కడుక్కోవచ్చు. ఎత్తెంత పెరుగుతాడని అడిగేవాళ్ళే గానీ, ఈ మాట అడిగినవాళ్ళు నాకింకా తగల్లేదు.