గట్టు అంచున ఊపిరి

"మా అమ్మకి పదేళ్లుగా ఆయాసం. కట్టెల పొయ్యి పొగ వల్ల వచ్చిన సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు సన్నబడే దీర్ఘకాలిక జబ్బు) అన్నారు డాక్టరుగారు. ఈ మధ్య మాత్ర వేసుకుందో లేదో కూడా గుర్తుండటం లేదు. ఊపిరితిత్తుల జబ్బుకీ మతిమరుపుకీ సంబంధం ఉంటుందా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ఉంటుంది. పెద్దతనం అనో చాదస్తం అనో ఇళ్లలో దీన్ని కొట్టిపారేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

జబ్బు ఎలా వస్తుందో పక్కన పెట్టి, నాకు ఎంతో ఇష్టమైన ఒక గీత దగ్గరికి వస్తాను. రక్తంలో ఆక్సిజన్ పీడనాన్ని బట్టి, ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్ ఎంత నిండుతుందో చెప్పే ఎస్ ఆకారపు గీత అది. డెన్మార్క్‌లో క్రిస్టియన్ బోర్, ఆయన సహచరులు 1904లో దాన్ని వివరించారు. ఇంటర్ జువాలజీలో ఆ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే అందరం. దాని అర్థం మాత్రం మనకి ఎవరూ విప్పి చెప్పలేదు.

దాన్ని చెరువు గట్టు అనుకోండి. ఆరోగ్యవంతుడి ధమనుల్లో ఆక్సిజన్ పీడనం పాదరసం కొలతలో 95 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది, హిమోగ్లోబిన్ 97 శాతం నిండుతుంది. పీడనం 60కి పడిపోయినా నిండుదనం 90 దగ్గర నిలుస్తుంది. ఇంత దూరమూ గట్టు మీద చదును నడకే. అక్కణ్ణించి వాలు. 40కి వస్తే 75 శాతం, 27కి వస్తే సగమే. ఆ వాలు కూడా మనకి కావలసిందే. కండరాల్లో, మెదడులో పీడనం తక్కువ కనక రక్తం అక్కడ ఆక్సిజన్‌ని దించేది ఈ వాలు మీదే. ఎక్కించుకునే చోట చదును, దించే చోట వాలు: ఎంత చక్కని ఏర్పాటో చూడండి! సీఓపీడీ మాత్రం ఎక్కించుకునే చోటే మనిషిని గట్టు అంచుకి నెట్టేస్తుంది. పీడనం ఒక 10 మి.మీ. తగ్గితే మనకి పోయేది ఒక్క శాతం, అంచున ఉన్నవారికి ఐదారు. కరోనా రోజుల్లో కొన్న వేలి క్లిప్పు చూపేది ఈ నిండుదనాన్నే. అందులో 90 కనిపిస్తే నూటికి తొంభై మార్కులు వచ్చాయని సంతోషించకండి. అది అంచు.

జారడం ఎక్కువగా రాత్రిపూట. కలలు వచ్చే నిద్రలో ఛాతీ కండరాలు సడలిపోయి, శ్వాస భారమంతా డయాఫ్రం మీద, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న కండరం మీద పడుతుంది. సీఓపీడీలో ఊపిరితిత్తులు ఉబ్బిపోయి ఆ డయాఫ్రం ముందే బల్లపరుపుగా అయి ఉంటుంది, సరిగా లాగలేదు. పగలు డాక్టరు గదిలో 92 చూపించిన మనిషే రాత్రి 80ల్లోకి జారవచ్చు. పగటి జ్ఞాపకాలు గట్టిపడటానికి నిద్ర ముఖ్యం. ఆ జ్ఞాపకాలకి ఆధారమైన, మెదడులోని హిప్పోకాంపస్‌లో సీఏ1 అనే భాగపు కణాలు ఆక్సిజన్ కొరతకి ముందుగా దెబ్బతినేవాటిలో ఉన్నాయి. ఇదొక్కటే కారణమని అనను. పొగాకు, రక్తనాళాల జబ్బు, దిగులు, ఇంట్లోనే కూర్చుండిపోవడం, అన్నీ తోడవుతాయి.

1980ల మొదట్లో వెలువడిన ఒక ఉత్తర అమెరికా అధ్యయనంలో ఆక్సిజన్ తగ్గిన 203 మంది సీఓపీడీ రోగులను పరీక్షిస్తే 42 శాతం మందిలో ఆలోచనాశక్తి ఒక మోస్తరు నుంచి తీవ్రంగా తగ్గి కనిపించింది. జబ్బు లేనివారిలో అది 14 శాతం. ఏడాది తర్వాత చూస్తే, రాత్రి మాత్రమే ఆక్సిజన్ పెట్టుకున్నవారికన్నా రోజంతా పెట్టుకున్నవారు మెరుగ్గా ఉన్నారు.

"ఆక్సిజన్ మిషన్ పెడితే అలవాటైపోతుంది, ఇక తీయలేం" అనే భయం మన ఊళ్లలో చాలా ఉంది. అది వ్యసనం కాదు. అవసరమైనవారికి ఆయుష్షు పెంచే మందు. అలాగని మీరే నాబ్ తిప్పి పెంచకండి: సీఓపీడీలో సాధారణంగా క్లిప్పులో 88 నుంచి 92 చాలు, మించితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు. పొద్దున్నే తలనొప్పి, పగలు మత్తు దాని గుర్తులు. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడితే అది మతిమరుపు కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీ అమ్మగారికి రాత్రంతా ఆక్సిజన్ ఎంత ఉంటోందో చూడాలా అని డాక్టరుగారిని అడగండి. మందులకి వారం గదుల డబ్బా కొనండి. ఇన్‌హేలర్‌ని ఒకసారి మీ ఎదుటే వాడమనండి. పీలుస్తూ నొక్కడం, పది సెకన్లు బిగపట్టడం, ఈ వరుస కూడా మరిచిపోయి ఉండవచ్చు.