వెసాలియస్ చుట్టూ అల్లిన కథల్లో నిజమెంత?

మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్తుంటాను. మనిషి శరీరాన్ని కోసి చూసి పుస్తకం రాసిన 16వ శతాబ్దపు వైద్యుడు ఆండ్రియాస్ వెసాలియస్ పేరెత్తగానే స్టూడెంట్స్ నోట ఒక సినిమా కథ వచ్చేస్తుంది, అందులో సగం కల్పితం.

అపోహ: అప్పట్లో చర్చి డిసెక్షన్‌ని (శవాన్ని కోసి పరిశీలించడాన్ని) నిషేధించింది, ఆయన ప్రాణాలకు తెగించి చాటుగా చేశాడు.

వాస్తవం: ఆయన పుట్టడానికి దాదాపు రెండొందల ఏళ్ల ముందే, 1316లో, ఇటలీలోని బొలోన్యాలో మొండీనో అనే వైద్యుడు డిసెక్షన్ మీద పుస్తకం రాశాడు. నిషేధానికి రుజువుగా చూపించే 1299 నాటి పోప్ ఆజ్ఞ వేరే సంగతి, దూరదేశంలో చనిపోయినవాళ్ల శవాల్ని ఉడకబెట్టి ఎముకలు మాత్రం ఇంటికి తెచ్చుకునే ఆచారం గురించి అది. వెసాలియస్ పాఠాలు చెప్పిన ఇటలీ ఊరు పాడువాలో అయితే మరణశిక్ష పడినవాళ్ల బాడీలు ఒక జడ్జే ఇప్పించేవాడు. దొంగతనం మాత్రం నిజమే లెండి: 1536లో ఇప్పటి బెల్జియంలోని లూవెన్ ఊరి బయట ఉరికంబానికి వేలాడుతున్న అస్థిపంజరాన్ని ఇంటికి చేరవేసి, పారిస్ నుంచి తెచ్చానని చెప్పుకున్నాడు! అసలు టెన్షన్ చర్చితో కాదు, కుళ్లిపోవడంతో. శవాలు కుళ్లకుండా ఆపే ఫార్మలిన్ లేని రోజులు కాబట్టి డిసెక్షన్లు చలికాలంలో పెట్టుకుని, ముందు పొట్ట తెరిచేవాళ్లు, కాళ్లూ చేతులూ చివర్లో.

అపోహ: రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పినవి తప్పులని మొదటి చూపులోనే పట్టేశాడు.

ఇది నాకు అస్సలు నచ్చని కథ. గేలెన్ కోసింది కోతుల్ని, పందుల్ని, పశువుల్ని, అందుకే మనిషి కింది దవడ రెండు ఎముకలనీ, మెదడు అడుగున వల లాంటి రక్తనాళాల అల్లిక ఉంటుందనీ రాశాడు. ఆ అల్లిక గొర్రెల్లో, ఎద్దుల్లో ఉంటుంది, మనకు లేదు. కానీ 1538లో వేసిన బొమ్మల్లో వెసాలియస్ కూడా దాన్ని మనిషికి పెట్టేశాడు! అంతేకాదు, మనిషి తల కోసి చూపించేటప్పుడు పక్కన గొర్రె తలో ఎద్దు తలో ఉంచుకునేవాణ్ణని, లేనిదాన్ని అందులో చూపించేవాణ్ణని 1543 నాటి తన పెద్ద పుస్తకం ‘ఫాబ్రికా’లో తనే ఒప్పుకున్నాడు. అప్పటికి వయసు 28. గుండె కింది గదుల మధ్య గోడలో కంటికి కనపడని రంధ్రాలున్నాయన్న గేలెన్ మాట మీద కూడా 1543లో ఆశ్చర్యపోయి ఊరుకున్నాడు, 1555 ముద్రణకు వచ్చేసరికి గానీ అనుమానాన్ని గట్టిగా చెప్పలేదు. పుస్తకంలో చదివింది కళ్లెదుట లేకపోయినా కనపడినట్టే అనిపించడం మా డిసెక్షన్ హాల్లో ఇప్పటికీ రోజూ చూస్తుంటాను.

బతికున్న ఒక దొర ఛాతీ పొరపాటున కోశాడని, ఇన్‌క్విజిషన్ (చర్చి మత విచారణ కోర్టు) శిక్ష వేసిందని ఇంకో పుకారు. అలాంటి విచారణకు ఆధారం దొరకలేదు. 1564లో జెరూసలేం యాత్ర నుంచి తిరిగొస్తూ గ్రీకు దీవి జాకింథోస్‌లో చనిపోయాడు, అంతే.

ఆయన పుస్తకంలో తప్పులే లేవనుకునేవాళ్లు కంటి బొమ్మ చూడండి. లెన్స్ ముందువైపు ఉండాలి కదా, ఆయన దాన్ని తీసుకెళ్లి కనుగుడ్డు నట్టనడుమ పెట్టాడు.