ఇంటికొచ్చిన మనిషిని పట్టా అడిగారు

మనీలా విమానాశ్రయం దగ్గర ఒక స్థలం. ధర 140 కోట్ల పెసోలు, మన రూపాయల్లో 210 కోట్ల పైమాటే. కొన్నది ఓవా. విదేశాల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ కార్మికుల సంక్షేమం చూసే ప్రభుత్వ సంస్థ అది. బోర్డు అనుమతి లేకుండానే ఈ బేరం జరిగిందంటూ 2025 మేలో సంస్థ అధిపతి ఆర్నెల్ ఇగ్నాసియోను తప్పించారు. తాను తప్పేమీ చేయలేదని, వచ్చీపోయే కార్మికులు తలదాచుకోవడానికి అక్కడ వసతిగృహం కట్టాలనుకున్నామని ఆయన అంటున్నారు. బేరం సంగతి విచారణలో తేలాలి. కానీ ఈ గొడవతో పాత ప్రశ్న ఒకటి మళ్లీ పైకొచ్చింది. ఆ డబ్బు ఎవరిది? పదేళ్లో ఇరవయ్యేళ్లో పనిచేసి సొంతూరికి వచ్చేసిన మనిషికి అందులోంచి దక్కిందెంత?

ఓవా నిధి పన్నుల నుంచి వచ్చింది కాదు. పనికి వెళ్లే ప్రతి మనిషి పేరునా 25 డాలర్ల సభ్యత్వం కట్టాలి. అది రెండేళ్లు చెల్లుతుంది, కొత్త ఒప్పందం రాసుకుంటే మళ్లీ కట్టాలి. యజమానే కట్టాలన్నది కాగితం మీద మాట. చాలామంది కార్మికులకు అది తమ జేబులోంచి పోయిన డబ్బు. దేశానికి వీళ్లు పంపేది అంతకు ఎన్నో రెట్లు. ఒక్క 2024లోనే బ్యాంకుల ద్వారా 3,400 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది.

కార్మికులను విదేశాలకు పంపే ఈ కథను అందరూ అప్పటి అధ్యక్షుడు మార్కోస్ తెచ్చిన 1974 నాటి కార్మిక చట్టంతో మొదలుపెడతారు. 1988లో హాంకాంగ్ వెళ్లిన అధ్యక్షురాలు కోరీ అకినో అక్కడి పనిమనుషులను ‘బగోంగ్ బయాని’, అంటే కొత్త వీరులు అని పిలవడమూ, 1995 మార్చిలో సింగపూర్‌లో ఫిలిప్పీన్స్ పనిమనిషి ఫ్లోర్ కాంటెంప్లాసియోన్‌ను హత్య కేసులో ఉరితీసినప్పుడు దేశమంతా భగ్గుమనడమూ తెలిసిన సంగతులే. ఆ కోపాన్ని చల్లార్చడానికి మూడు నెలల్లోనే 8042 నంబరు చట్టం తెచ్చారు. తిరిగొచ్చినవాళ్లకు బతుకుదెరువు చూపించే కేంద్రం పెడతామని అందులో 17వ సెక్షన్ చెప్పింది. మాట బాగానే ఉంది గానీ, 2007లో అదే పని కోసం మళ్లీ ఇంకో జాతీయ కేంద్రం పెట్టాల్సి వచ్చింది. మొదటిది ఎంతమాత్రం పనిచేసిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

నా దృష్టిలో అసలు మలుపు 2011.

ఆ ఏడాది మొదట్లో లిబియాలో తిరుగుబాటు వచ్చింది. నర్సులు, ఆయిల్ కంపెనీల కార్మికులు వేలల్లో కట్టుబట్టలతో మనీలాలో దిగారు. అదే ఏడాది సౌదీ తన పౌరులకే ఉద్యోగాలంటూ నితాఖత్ ప్రకటించింది. ప్రభుత్వం మీద ఒత్తిడి పెరిగింది. అప్పుడు 200 కోట్ల పెసోలతో పునరావాస నిధి పెట్టారు. పేపర్లలో పెద్ద పెద్ద హెడ్‌లైన్లు వచ్చాయి. ఆ నిధిని మాత్రం ల్యాండ్ బ్యాంక్, డెవలప్‌మెంట్ బ్యాంక్ అనే రెండు ప్రభుత్వ బ్యాంకుల చేతుల్లో పెట్టారు. ఒక్కొక్కరికి 3 లక్షల నుంచి 20 లక్షల పెసోల దాకా అప్పు, వడ్డీ ఏడాదికి 7.5 శాతం. శిక్షణకు హాజరవ్వాలి. వ్యాపార ప్రణాళిక రాసివ్వాలి. ఆ వ్యాపారం మీద నెలకు కనీసం 10,000 పెసోల నికర ఆదాయం వస్తుందని లెక్క చూపించాలి. వీటన్నిటినీ మించి, తనఖా పెట్టాలి.

అక్కడే దారి మారిపోయింది. అప్పటిదాకా లోపమల్లా నిర్లక్ష్యమే. 2011 నుంచి అదొక రూల్ అయింది. తిరిగొచ్చిన మనిషి సంక్షేమ నిధిలో సభ్యురాలు కాస్తా బ్యాంకు ముందు నిలబడ్డ అప్పుదారు అయిపోయింది.

వచ్చే జీతమెంతో చూస్తే ఆ తనఖా షరతు ఎంత బరువో తెలుస్తుంది. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు నెలకు 400 డాలర్లు ఇవ్వాలని ఫిలిప్పీన్స్ 2006లో నిర్ణయించింది. అందులోంచే పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు, ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు, ఇంటి పైకప్పు అన్నీ జరగాలి. ఆ ఇల్లు కూడా తరచుగా అత్తగారి స్థలంలోనో, పంచుకోని ఉమ్మడి భూమిలోనో ఉంటుంది. పట్టా తన పేరున ఉన్న మనిషికి కువైట్ వెళ్లి అంట్లు తోమాల్సిన అవసరం అంతగా ఉండదు. అప్పు ఎవరి కోసం పెట్టారో వాళ్లకే అది అందలేదు.

అధికారుల వాదన ఇది: నిధి సభ్యులందరిదీ. ఒకరు ఎగ్గొడితే నష్టం మిగతావాళ్లందరికీ. తర్వాత కనిష్ఠ అప్పును లక్ష పెసోలకు తగ్గించాం, గుంపుగా వస్తే 50 లక్షల దాకా ఇస్తున్నాం. బ్యాంకు కోణంలో చూస్తే ఈ మాట తప్పు కాదు.

బ్యాంకు మెట్లు ఎక్కలేని మనిషి ఏం చేస్తుందో ఏ బరంగాయ్‌లోనైనా కనిపిస్తుంది. బరంగాయ్ అంటే మన పంచాయతీ లాంటిది. ఇంటి ముందు గదికి ఇనుప జాలీ బిగించి సరిసరి కొట్టు తెరుస్తుంది. జాలీకి షాంపూ, కాఫీ ప్యాకెట్లు దండల్లా వేలాడుతుంటాయి. సామాను తెచ్చి ఇవ్వడానికి చెయ్యి పట్టేంత కంత ఉంటుంది. ఒక సిగరెట్టు, గరిటెడు నూనె, రెండు వెల్లుల్లి రెబ్బలు... ఏదైనా విడిగా అమ్ముతారు, దాన్ని ‘తింగి’ అంటారు. గోడకో మేకు, దానికో నోటుపుస్తకం. అందులో ‘లిస్తా’, అంటే అరువు పద్దు. మేనకోడలు, ఎదురింటి ట్రైసికిల్ డ్రైవరు, స్కూలు టీచరు, అందరి పేర్లూ అందులో ఉంటాయి. కొన్నవాళ్లు అయినవాళ్లే, గట్టిగా అడగలేదు. అదే వీధిలో అటువంటి కొట్లు ఇంకో నాలుగు ఉంటాయి. సరుకు నిండుకుంటే ‘ఫైవ్-సిక్స్’ వాళ్ల దగ్గరకు పోతుంది. ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి. ఈ వడ్డీ వ్యాపారం చాలాకాలంగా భారతీయుల చేతుల్లో, ముఖ్యంగా పంజాబీల చేతుల్లో ఉంది. మోటర్‌సైకిల్ మీద రోజూ గడపకొచ్చి వసూలు చేసుకుపోతారు. మన దగ్గరి గిరిగిరి ఫైనాన్స్ తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు. పట్టా అడగరు కాబట్టే జనం వాళ్ల దగ్గరకు వెళ్తారు.

కొంతమందికి డబ్బు వచ్చినా సమయానికి రాలేదు. 2015, 16ల్లో చమురు ధర పడిపోయినప్పుడు సౌదీలో ఓగర్ లాంటి పెద్ద నిర్మాణ సంస్థలు జీతాలు ఆపేశాయి. జెద్దా, రియాద్ క్యాంపుల్లో తిండికి కూడా కటకటలాడారు. తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లూ ఆ ఇబ్బందులు పడ్డారు. ఫిలిప్పీన్స్‌వాళ్లు బకాయిలు వదిలేసి ఇళ్లకు వచ్చేశారు. చెల్లిస్తామని సౌదీ యువరాజు 2022 నవంబరులో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ జూనియర్‌కు మాటిచ్చారు. చెక్కులు రావడం 2024లో మొదలైంది. మధ్యలో ఎనిమిదేళ్లు. చేతిలో పైసా లేని ఆ ఎనిమిదేళ్లలో పునరావాస నిధి ఉంది, దాని తనఖా షరతూ ఉంది.

పందుల పెంపకం పెట్టుకున్నవాళ్ల కష్టం ఇంకోరకం. పెరట్లో నాలుగైదు పందులను పెంచి పండగలకు అమ్మడం అక్కడ పల్లెల్లో పిగ్గీబ్యాంకు లాంటిది. 2019లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చి పందులు కుప్పలుగా చచ్చాయి. ఒంటరిగా పెట్టుబడి పెట్టినవాళ్లు మళ్లీ లేవలేకపోయారు. దీనికి మందు ఏమిటో కొందరు ముందే గ్రహించారు. అతిఖా అనే సంస్థ ఇటలీ, యూఏఈల్లో ఉన్న కార్మికులకు డబ్బు లెక్కలు నేర్పి, వాళ్ల పొదుపును బతంగాస్‌లోని సొరో-సొరో లాంటి రైతు సహకార సంఘాల్లో పెట్టిస్తోంది. మనిషి ఇంకా విదేశంలో ఉండగానే ఇక్కడ ఆమె వాటా పనిచేస్తుంటుంది. వచ్చేసరికి నష్టమైనా లాభమైనా పదిమందితో పంచుకుంటుంది. ప్రభుత్వం నేర్చుకోవాల్సింది ఉంటే ఇక్కడే ఉందని నా నమ్మకం.

2020లో కొవిడ్ వచ్చినప్పుడు మూడు లక్షల మందికి పైగా వెనక్కి వచ్చారు. ఒక్కసారికి 10,000 పెసోల సాయం ఇచ్చారు. ఉపాధి పోయి వచ్చినవాళ్లకు ‘బాలిక్ పినాస్, బాలిక్ హనాప్‌బుహాయ్’ పథకం కింద 20,000 దాకా ఇస్తారు. రూపాయల్లో 30 వేలు. సరిసరి కొట్టుకు ఒక్క విడత సరుకొస్తుంది. పైనుంచి కిందిదాకా చూస్తే, లక్షల్లో అప్పు కావాలంటే పట్టా ఉండాలి, పట్టా లేకపోతే 20,000 చాలనుకోవాలి. ఈ రెంటికీ మధ్య ఉన్న మనిషికి దాదాపు ఏమీ లేదు. తిరిగొచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ మధ్యలోనే ఉన్నారు.

అందుకే 140 కోట్ల బేరం వాళ్లకు అంత మండింది. 20,000 చొప్పున పంచితే ఆ డబ్బు 70,000 మందికి వస్తుంది. 2016 నాటి ఓవా చట్టం ప్రకారం అంతకు ముందరి ఏడాది సభ్యత్వ వసూళ్లలో కనీసం 10 శాతం పునరావాసానికి కేటాయించాలి. 25 డాలర్లలో రెండున్నర డాలర్లు. ఆ చట్టం వచ్చాక 2022 దాకా ఓవాను నడిపిన హన్స్ లియో కక్డాకే ఇప్పుడు వలస కార్మికుల శాఖ మంత్రి. ఇగ్నాసియో మీద నమ్మకం పోయిందని ప్రకటించిందీ ఆయనే. బేరం సక్రమమని తేలినా, అక్రమమని తేలినా, ఆ స్థలం ఉన్నది విమానాశ్రయం గేటు పక్కనే. దూరాన సమర్‌లోనో ఇలోయిలోలోనో కొట్టు మూసేసుకున్న ఆడమనిషికి అది దగ్గరపడేది మళ్లీ పెట్టె సర్దుకున్న రోజునే.