గిట్ రీబేస్‌లో ఫైళ్ల పేర్లు వాటంతట అవే మారతాయా? అపోహలు - వాస్తవాలు

ఫైళ్లలో మార్పుల చరిత్రను భద్రపరిచే సాధనం గిట్. ఒక బ్రాంచ్‌లో (విడిగా సాగే పని పాయలో) చేసిన మార్పులను మరో బ్రాంచ్ తాజా స్థితి మీద తిరిగి వేయడమే రీబేస్. రీబేస్ మధ్యలో తాము ముట్టుకోని ఫైలు ‘రీనేమ్డ్’ అని కనిపించగానే చాలామంది కంగారుపడి అబార్ట్ చేసి (మధ్యలోనే రద్దు చేసి), మళ్లీ మొదలుపెడతారు. కారణం అలాగే ఉంటుంది కనుక రెండోసారి కూడా అదే ఫలితం వస్తుంది.

అపోహ: గిట్ మూవ్ కమాండ్‌తో పేరు మారిస్తే ఆ సంగతి చరిత్రలో నమోదవుతుంది.

వాస్తవం: నమోదు కాదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను రూపొందించిన నాటి నుంచి కమిట్‌లో (చరిత్రలో భద్రపరిచే ఒక్కో మెట్టులో) ఉండేది ఆ సమయానికి ప్రాజెక్టులోని ఫైళ్ల స్థితే తప్ప, ఏ ఫైలు ఏ ఫైలుగా మారిందన్న వివరం కాదు. పోల్చవలసి వచ్చినప్పుడే గిట్ మాయమైన ఫైళ్లకూ కొత్తగా వచ్చిన ఫైళ్లకూ జత వెతుకుతుంది. లోపలి విషయం అచ్చంగా ఒకటే అయితే సరే, లేకపోతే పోలిక కనీసం 50 శాతం ఉన్నా పేరు మారిందనే భావిస్తుంది.

అపోహ: అది కేవలం ప్రదర్శన, ఫలితంపై దాని ప్రభావం ఉండదు.

వాస్తవం: స్టేటస్ కమాండ్ వరకే ఈ మాట నిజం, దానికి ‘నో-రీనేమ్స్’ ఆప్షన్ ఇస్తే అదే మార్పు ఒక తొలగింపుగా, ఒక చేర్పుగా కనిపిస్తుంది. రీబేస్‌లో మాత్రం మీ మార్పు ఏ ఫైలులో పడాలో ఈ అంచనాయే నిర్ణయిస్తుంది. ఒక్కో ఊరిలోని ఆఫీసుకు ఒక్కో కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు ఉందనుకుందాం. అందరూ పంచుకునే మెయిన్ బ్రాంచ్‌లో ఎవరో గుంటూరు ఫైలును తీసేసి, అదే నమూనాతో ఒంగోలు ఫైలును చేర్చారు. మీ కమిట్ గుంటూరు ఫైలులో పోర్టు నంబరు మార్చింది. రెండు ఫైళ్లలో అధిక భాగం ఒకటే కావడంతో గిట్ దీన్ని పేరు మార్పుగా భావించి, మీ పోర్టు నంబరును ఒంగోలు ఫైలులో రాసేస్తుంది. చుట్టుపక్కల వరుసలు కూడా కలిస్తే కాన్‌ఫ్లిక్ట్ (గిట్ తనంతట తాను కలపలేని మార్పుల ఘర్షణ) అన్న మాటే రాదు, రీబేస్ విజయవంతమైందనే చెబుతుంది. నా దృష్టిలో ఈ మౌనమే కాన్‌ఫ్లిక్ట్ కన్నా ప్రమాదకరం. ఇలాంటి చోట పోలిక ఎంత ఉండాలో చెప్పే ‘ఫైండ్-రీనేమ్స్’ స్ట్రాటజీ ఆప్షన్‌ను 90 లేదా 95 శాతానికి పెంచితే, ఒకవైపు మార్చిన ఫైలును మరోవైపు తొలగించారన్న కాన్‌ఫ్లిక్ట్ బయటపడుతుంది, నిర్ణయం మీ చేతికి వస్తుంది. ఇప్పటికే రీబేస్ పూర్తయి ఉంటే, రేంజ్-డిఫ్ కమాండ్‌తో పాత కమిట్లనూ కొత్త కమిట్లనూ పోల్చినప్పుడు ఫైలు పేరులోని తేడా కనిపిస్తుంది.

అపోహ: పేరు మార్పును, లోపలి మార్పును వేర్వేరు కమిట్లుగా చేస్తే ఇక ఏ సమస్యా ఉండదు.

వాస్తవం: మీ బ్రాంచ్‌లో అలా చేస్తే మేలే, ఎందుకంటే రీబేస్ మీ కమిట్లను ఒక్కొక్కటిగా తిరిగి వేస్తుంది. కానీ మెయిన్ బ్రాంచ్‌లో ఎంత జాగ్రత్తగా విడదీసినా, మీ కమిట్‌కు ముందున్న స్థితిని మెయిన్ చివరి స్థితితో నేరుగా పోలుస్తారు కనుక అక్కడి మార్పులన్నీ కలిసి పోలికను 50 శాతం కన్నా తగ్గించవచ్చు. అప్పుడు ముందుగా పేరు మాత్రమే మార్చిన ఆ కమిట్ మీదికి రీబేస్ చేసి, తరువాత మెయిన్ చివరికి రీబేస్ చేయడం మేలు. పని రెండింతలైనట్లు అనిపించినా, చేత్తో మార్పులు అతికించడం కన్నా ఇది ఎంతో నయం.

అపోహ: నేను కొత్తగా చేర్చిన ఫైలు నేను పెట్టిన ఫోల్డర్‌లోనే ఉంటుంది.

వాస్తవం: మెయిన్‌లో ఆ ఫోల్డర్ పూర్తిగా మాయమై, అందులోని ఫైళ్లలో ఎక్కువ భాగం మరో ఫోల్డర్‌కు వెళ్లి ఉంటే, మీ ఫైలును కూడా గిట్ అక్కడికే చేర్చి, ‘ఫైల్ లొకేషన్’ కాన్‌ఫ్లిక్ట్‌గా చూపి మీ అభిప్రాయం అడుగుతుంది. ఇది వద్దనుకుంటే ‘మెర్జ్.డైరెక్టరీరీనేమ్స్’ సెట్టింగ్‌ను ‘ఫాల్స్’ చేయవచ్చు. 2020లో వచ్చిన 2.26 వెర్షన్ నుంచి రీబేస్ మామూలుగా మెర్జ్ పద్ధతిలోనే (రెండు వైపుల మార్పులను పోల్చి కలిపే పద్ధతిలోనే) నడుస్తోంది. మార్పులను ప్యాచ్‌లుగా అతికించే పాత ‘అప్లై’ పద్ధతిలో ఫోల్డర్ల పేరు మార్పు గుర్తింపు ఉండదు కనుక కొత్త ఫైలు ఏ హెచ్చరికా లేకుండా పాత ఫోల్డర్‌లోనే మిగిలిపోతుంది. ఒకే రీబేస్ ఇద్దరి కంప్యూటర్లలో రెండు రకాల ఫలితాలిస్తే మొదట చూడవలసింది ఈ తేడానే.