సైట్ మనదే, తాళం ఎవరి దగ్గరుంది?

మంగళగిరిలో మా మేనమామకు చేనేత చీరల కొట్టు ఉంది. కొట్లో ఇచ్చే సంచుల మీద, బిల్లు పుస్తకం మీద వెబ్‌సైట్ అడ్రస్ అచ్చు వేయించుకున్నారు. రెండేళ్ల కిందట హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "మీ సైట్ తెరిస్తే ఏదో బెట్టింగ్ పేజీ వస్తోందండీ" అన్నారు. మామయ్య టెన్షన్ పడి నాకు ఫోన్ చేశారు. ఆరా తీస్తే సంగతి తెలిసింది. సైట్ చేసిన కుర్రాడు సైట్ అడ్రస్‌ను, అంటే డొమైన్ పేరును, తన ఈమెయిల్‌తో, తన అకౌంట్‌లో తీసుకున్నాడు. తర్వాత ఉద్యోగం వచ్చి వేరే దేశం వెళ్లిపోయాడు. రెన్యువల్ గడువు గుర్తుచేసే మెయిళ్లన్నీ అతను చూడటం మానేసిన మెయిల్‌కే పోయాయి. మామయ్య డబ్బు ఎగ్గొట్టలేదు. ఆ కుర్రాడిదీ మోసం చేసే ఉద్దేశం కాదు. అయినా ఎనిమిదేళ్లుగా జనానికి అలవాటైన పేరు గడువు దాటి వేరేవాళ్ల చేతికి పోయింది.

"మంచి వెబ్ డిజైనర్ ఎవరైనా తెలుసా?" అని చిన్న వ్యాపారులు అడిగినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. వాళ్లు రేటు అడుగుతారు, చేసిన సైట్లు చూపించమంటారు. పేరు ఎవరి అకౌంట్‌లో ఉంటుందని మాత్రం అడగరు. తప్పు వాళ్లది కాదు. ఈ పద్ధతి మన దగ్గర ఎలా మొదలైందో చూస్తే కారణం అర్థమవుతుంది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చింది. 1998లో ప్రైవేటు కంపెనీలకూ తలుపులు తెరిచారు. ఆ తర్వాతే ఊళ్లలో నెట్ సెంటర్లు వెలిశాయి, అమీర్‌పేటలో వెబ్ డిజైనింగ్ కోర్సుల బోర్డులు కనిపించాయి. అప్పటి కొట్టు యజమానికి తెలిసింది బోర్డు రాసే పెయింటర్, విజిటింగ్ కార్డులు వేసే ప్రెస్సు, డీటీపీ సెంటర్. డబ్బిస్తే పని పూర్తి చేసి చేతిలో పెడతారు, ఆ తర్వాత వాళ్లతో పనుండదు. వెబ్‌సైట్‌నీ అలాగే చేయించుకున్నారు. కానీ సైట్‌కి రెండు అద్దెలుంటాయి. ఒకటి పేరుకు, అంటే డొమైన్‌కి. రెండోది ఫైళ్లు పెట్టుకునే చోటుకు, అంటే హోస్టింగ్‌కి. డొమైన్‌ని "కొన్నాం" అంటాం గానీ, నిజానికి అది ఏడాదికో, మహా అయితే పదేళ్లకో తీసుకునే అద్దె. డిజైనర్ ఇచ్చే బిల్లులో ఈ రెండూ విడిగా కనపడేవి కావు. "వెబ్‌సైట్" అని ఒకే లైను, కింద ఒక అంకె.

మరి పేరు డిజైనర్ అకౌంట్‌లోకే ఎందుకు పోయింది? దీనికి అప్పట్లో గట్టి కారణమే ఉంది. 1999 దాకా డాట్ కామ్ పేర్లు నమోదు చేసే సంస్థ ప్రపంచం మొత్తానికి ఒక్కటే, అమెరికాలోని నెట్‌వర్క్ సొల్యూషన్స్. 1995 సెప్టెంబరు నుంచి రెండేళ్లకు 100 డాలర్లు తీసుకునేది. తర్వాత పోటీ వచ్చి ధర తగ్గినా, కట్టాల్సింది ఎక్కువగా డాలర్లలోనే. డాలర్లలో పనిచేసే క్రెడిట్ కార్డు చీరల కొట్టు యజమానికి ఎక్కడుంటుంది? చాలామందికి ఈమెయిలే లేదు. మన సొంత డాట్ ఇన్ తీసుకుందామన్నా, 2005లో అందరికీ తెరిచేవరకు నియమాలు కఠినంగా ఉండేవి. కాబట్టి కార్డు, మెయిలు ఉన్నవాడే, అంటే డిజైనరే, తన పేరుతో తీసుకునేవాడు. అది సాయం కిందే లెక్క. ఇప్పుడు రూపాయల్లో, యూపీఐతో, ఫోన్లోనే రెండు నిమిషాల్లో డొమైన్ తీసుకోవచ్చు. ఆ అవసరం పోయి చాలా కాలమైంది, అలవాటు మాత్రం అలాగే మిగిలింది. నా దృష్టిలో ఇవాళ్టి తగాదాల్లో సగం దీని నుంచే పుట్టాయి.

డీటీపీ సెంటర్ల నుంచి వచ్చిన అలవాటు ఇంకొకటి ఉంది. శుభలేఖలకు, కరపత్రాలకు వాడే అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కావు. వాటితో టైపు చేసిన తెలుగు ఎదుటివాళ్ల కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాల గజిబిజిలా కనిపించేది. అందుకని తెలుగు రాతంతా బొమ్మగా మార్చి సైట్‌లో పెట్టేవారు. మనిషి చదవగలడు గానీ, గూగుల్‌లో "మంగళగిరి చీరలు" అని తెలుగులో వెతికితే ఆ బొమ్మ దొరకడం కష్టం. యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్న ఈ రోజుల్లో కూడా ఇలాంటి సైట్లు కనిపిస్తుంటే బాధేస్తుంది.

సైట్ తాళం ఎవరి దగ్గరుందన్న సంగతి మొదట్లో బయటపడలేదు, ఎందుకంటే సైట్‌ని మార్చాల్సిన పని అంతగా ఉండేది కాదు. తర్వాత మార్పులు వరసగా వచ్చాయి. 2003లో సైట్లు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వచ్చింది. క్రమంగా కోడింగ్ పెద్దగా రానివాళ్లు కూడా సైట్లు చేయగలిగారు, రేట్లు తగ్గాయి, డిజైనర్లు పెరిగారు. ఎగిరే అక్షరాలతో, పాటలతో మురిపించిన ఫ్లాష్ ఫోన్లలో నిలబడలేకపోయింది. 2020 డిసెంబరు 31తో అడోబీ దాన్ని ఆపేసింది. 2015 ఏప్రిల్‌లో, ఫోన్‌లో సరిగా కనపడే పేజీలకు మొబైల్ వెతుకులాటలో ప్రాధాన్యం ఇస్తామని గూగుల్ అమలు మొదలుపెట్టింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి మన ఊళ్లలో కొనేవాళ్లందరి చేతుల్లో నెట్ పెట్టింది. 2018 జులై నుంచి, ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి పంపే ఏర్పాటు) లేని ప్రతి సైట్‌నూ క్రోమ్ బ్రౌజర్ "భద్రం కాదు" అని చూపించసాగింది. ప్రతి మార్పుకీ సైట్‌ని సరిచేయాలి. సరిచేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. పాత డిజైనర్ ఫోన్ ఎత్తడు, లేదా ఊళ్లో ఉండడు. కొత్తవాళ్లు "మొదటి నుంచి చేయాలి" అంటారు. ఒకే సైట్‌కి మూడుసార్లు డబ్బు కట్టిన వ్యాపారులు నాకు తెలుసు.

ఉచితంగా వచ్చేది నమ్ముకున్నవాళ్లకూ ఇదే ఎదురైంది. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఇచ్చిన ఉచిత సైట్లతో చాలామంది సరిపెట్టుకున్నారు. 2024 మార్చిలో గూగుల్ వాటిని మూసేసింది.

చట్టం ఈ విషయాన్ని పట్టించుకోలేదని కాదు. 2004లో సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ సొల్యూషన్స్ మధ్య కేసులో సుప్రీంకోర్టు, డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని తేల్చింది. అయితే గడువు దాటి చేజారిన పేరు కోసం ఒక చిన్న కొట్టు యజమాని కోర్టుకెక్కడం అయ్యే పని కాదు. డాట్ కామ్ గడువు ముగిశాక రిజిస్ట్రార్, అంటే పేరు నమోదు చేసే కంపెనీ, ఇచ్చే కొన్నాళ్ల వెసులుబాటు, ఆపైన అపరాధ రుసుముతో 30 రోజులు, ఇంకో 5 రోజులు, అంతే. తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు. మామయ్యకు ఆ ఫోన్ వచ్చేసరికి అన్నీ దాటిపోయాయి.

సైట్‌లోని కోడ్, డిజైన్ సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, జీతానికి పనిచేసే ఉద్యోగి చేస్తే హక్కు యజమానిది. బయటి డిజైనర్ చేస్తే, డబ్బు పూర్తిగా ఇచ్చినా, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప హక్కు మామూలుగా డిజైనర్‌దే. ఆ కాగితంలో కాలం రాయకపోతే బదిలీ ఐదేళ్లకే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. అమెరికాలోని మనవాళ్లకు చీరలు పంపే కొట్టుకు ఆ రెండో మాట చిన్నదేం కాదు.

మామయ్య ఈసారి విజయవాడ అమ్మాయి చేత సైట్ చేయించుకున్నారు. రంగులు, ఫొటోల మాట ఎత్తకముందే ఆ అమ్మాయి, "బాబాయ్ గారూ, మీ ఫోన్ ఇలా ఇవ్వండి, పేరు మీ నంబరు మీదే తీసుకుందాం" అంది. డొమైన్‌కి, హోస్టింగ్‌కి మామయ్యే విడివిడిగా డబ్బు కట్టారు. హక్కులు, పాస్‌వర్డులు, ఏటా కట్టాల్సిన మొత్తం, ఫైళ్ల కాపీ ఎప్పుడెప్పుడు ఇవ్వాలన్నది రెండు పేజీల్లో తెలుగులో రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టారు. రేటు పాత కుర్రాడి కంటే ఎక్కువే అయింది. పాత అడ్రస్ ఉన్న సంచులు ఇంకా రెండు కట్టలున్నాయి. వాటి మీద కొత్త అడ్రస్ స్టిక్కర్ అంటించి ఇస్తున్నారు.